ఖాళీ ఓడను కూడా పట్టుకోనిచ్చిన ఒప్పందం

సంపాదకులకు నమస్కారం.

పని కోసం పరాయి దేశం వెళ్లి ఇరుక్కుపోయిన మనవాళ్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా ఆ దేశంతో మనకు ఒప్పందం ఉందన్న జవాబు వినిపిస్తుంది. ఆ ఒప్పందంలో ఏం రాసుకున్నారని అడిగేవారు తక్కువ. బానిసల వ్యాపారాన్ని ఆపడానికి పందొమ్మిదో శతాబ్దంలో సాగిన దౌత్యం చదివితే, అడగవలసింది అదేనని తెలుస్తుంది.

1815 ఫిబ్రవరిలో వియన్నాలో యూరప్ రాజ్యాలు ఆ వ్యాపారాన్ని గట్టిగా ఖండించాయి. ఎప్పటిలోగా ఆపాలో, ఆపకపోతే ఎవరు పట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. 1817లో స్పెయిన్ 4 లక్షల పౌండ్లు పుచ్చుకుని బ్రిటన్‌తో ఒప్పందానికి దిగింది. అనుమానం ఉన్న ఓడను సముద్రంలోనే సోదా చేసే హక్కు వచ్చింది. పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో, క్యూబాలోని హవానాలో ఉమ్మడి న్యాయస్థానాలు వెలిశాయి. అయినా ఓడలో బానిసలు దొరికితేనే నేరం. వారిని ఎక్కించుకోవడానికి ఆఫ్రికా తీరంలో కాచుకున్న ఓడను కళ్లారా చూసినా వదిలేయాల్సిందే.

1835 నాటి కొత్త ఒప్పందం ఆ లొసుగును పూడ్చింది. సంకెళ్లు, సిబ్బంది అవసరానికి మించిన నీటి పీపాలు, వందల మందికి వండేంత పెద్ద గుండిగ, లోపల అదనపు అంతస్తు వేయడానికి దాచిన పలకలు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఖాళీ ఓడను పట్టుకోవచ్చు. తాను నిర్దోషినని రుజువు చేసుకోవలసిన భారం ఓడవాడిదే. వియన్నా ప్రకటన కన్నా ఈ సామాన్ల జాబితాయే గొప్ప దౌత్యమని నా నమ్మకం.

బ్రిటన్‌ను పొగడటం నా ఉద్దేశం కాదు. బానిసలను విడిపించినప్పుడు అది యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు పైసా ఇవ్వలేదు. కొన్నేళ్లకే ఆ బానిసల స్థానంలో పనిచేయడానికి మన కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు మారిషస్ ఓడలెక్కారు.

మనుషుల అక్రమ రవాణాపై 2000లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 2011లో ఆమోదించింది. అయినా డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన యువకులను కంబోడియాలోని సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన ఏజెంట్ల సంగతి 2024లో విశాఖలో బయటపడింది. గల్ఫ్ వలసనూ ఆనాటి బానిస ఓడనూ ఒకే గాటన కట్టను. కానీ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండటం, నెలల తరబడి జీతం ఆపడం, ఏజెంటు రుసుము తీరని అప్పుగా మారడం బలవంతపు చాకిరీకి గుర్తులని అంతర్జాతీయ కార్మిక సంస్థే చెబుతోంది. తనను నిర్బంధించారని పరాయి భాషలో, పరాయి కోర్టులో కార్మికుడే నిరూపించుకోవాలనడం అన్యాయం.

అందుకే మన కార్మిక ఒప్పందాల్లో అలాంటి జాబితా ఉండాలి. అందులోని ఏ గుర్తు కనబడినా, తప్పు లేదని చూపవలసింది యజమాని. మన రాయబార కార్యాలయ అధికారికి స్థానిక తనిఖీ సిబ్బందితో కలిసి కార్మికుల వసతికి వెళ్లే హక్కు ఉండాలి. ఏ దేశం ఒప్పుకుంటుందని కొందరు అనవచ్చు. తన ఓడలను సోదా చేయనివ్వనని దశాబ్దాలు మొండికేసిన అమెరికా కూడా 1862లో బ్రిటన్‌తో అలాంటి ఒప్పందంపై సంతకం చేసింది.

ఉన్న ఒప్పందాల పూర్తి పాఠాన్ని తెలుగులో ప్రజల ముందు పెట్టాలని ఉభయ తెలుగు రాష్ట్రాల ఎంపీలు వచ్చే సమావేశాల్లోనే విదేశాంగ శాఖను నిలదీయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
జగిత్యాల