స్టూలుంది, కూర్చోనివ్వరు

సంపాదకులకు,

నేను విజయవాడలో ఒక చీరల షాపులో సేల్స్ గర్ల్‌ని. పెళ్లిళ్ల సీజనొస్తే పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. బేరాలు లేనప్పుడు కాసేపు కూర్చున్నా, సీసీ కెమెరాలో చూసి సూపర్‌వైజర్ అందరి ముందూ అరుస్తాడు. బాత్రూం నాలుగో అంతస్తులో, అదీ అడిగే వెళ్లాలి. దాంతో చాలామంది నీళ్లు తాగడం మానేసి, మూత్రంలో మంటతో బాధపడుతున్నారు. నెలసరి రోజుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంటికెళ్తే మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. కాళ్లు వాచాయంటే ‘ఏసీలో పనేగా’ అంటారు ఇంట్లోవాళ్లు!

కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలను సవరించి సిబ్బందికి సీట్లు తప్పనిసరి చేశాయి. మన దగ్గరా అది కచ్చితంగా అమలు కావాలి. తనిఖీకి వచ్చే కార్మిక శాఖ అధికారులు రిజిస్టర్లతో సరిపెట్టకుండా, కౌంటరు వెనక్కి కూడా వచ్చి మమ్మల్ని అడగాలి.

– ఒక సేల్స్ గర్ల్, విజయవాడ