చలి కాదు, అరకొర ఛార్జింగే చంపేది

సంపాదకులకు,

చలికాలమంతా ఒడ్డున పెట్టిన పడవ తర్వాత స్టార్ట్ కాకపోతే నింద చలి మీద వేస్తారు. నిజానికి బ్యాటరీని పాడుచేసేది సగం ఖాళీగా వదిలేయడమే. నిండా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో ద్రవం మైనస్ 50 డిగ్రీలకైనా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినదైతే మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. అంత చలి లేకపోయినా ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఇక ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా పాత సత్తా రాదు.

మెయిన్ స్విచ్ ఆపేశాం కదా అనుకోవద్దు. అడుగున చేరిన నీటిని తోడే పంపు, రేడియో మెమరీ చాలా పడవల్లో నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటాయి. వైరు విప్పేదాకా కొంచెం కొంచెంగా లాగుతూనే ఉంటాయి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు అదే ఆఖరు. పడవ నీళ్లలోనే ఉంటే మాత్రం పంపు వైరు జోలికి పోవద్దు. ఆ బ్యాటరీకి ఛార్జింగ్ అందుతూ ఉండాలి.

నీళ్లు పోసే రకమైతే, ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జ్ చేయండి. మట్టం దాకా నింపేది ఆ తర్వాతే. ముందే నింపితే ఛార్జింగ్‌లో ద్రవం పొంగి యాసిడ్ పైకి పొర్లుతుంది. గది గాలి ఆడేలా ఉండాలి, వచ్చేది హైడ్రోజన్. టెర్మినళ్ల మీద తెల్లగా, నీలంగా పూసిన పొడి మీద వంటసోడా నీళ్లు పోస్తే బుస్సుమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా పోయండి. అంతకుముందే మూతలు గట్టిగా బిగించాలి, సోడా సెల్‌లోకి దిగితే యాసిడ్ విరిగిపోతుంది. ఆరాక వ్యాసలైన్ రాయండి.

ఛార్జర్ తీసిన వెంటనే మీటరు చూపే 13 వోల్టులను నమ్మొద్దు. ఒక రాత్రి ఆగి చూస్తే 12.6, 12.7 ఉండాలి. నెలకోసారి చూసి, 12.4కి దిగితే మళ్లీ ఛార్జ్ పెట్టండి. తనంతట తాను తగ్గించుకోలేని పాత ఛార్జర్‌ను నెలల తరబడి తగిలించి ఉంచితే నీళ్లు ఇగిరిపోతాయి. సిమెంటు నేల మీద పెడితే ఛార్జ్ పోతుందనేది ప్లాస్టిక్ డబ్బాలు రాకముందటి మాట.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే మరో రకం బ్యాటరీకి లెక్క తిరగబడుతుంది: సగం ఛార్జ్‌తో, వైర్లు విప్పి దాచాలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది.

– ఒక పాఠకుడు