కొత్త మిడ్‌వైఫ్‌లకు తోడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. సహజ కాన్పులను పెంచేందుకు నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (గర్భిణిని కనిపెట్టుకుని కాన్పు చేయించే పని) శిక్షణ ఇవ్వడం మెచ్చదగిన పని. అయితే శిక్షణ ముగించిన నర్సును నేరుగా కిక్కిరిసిన ప్రసూతి గదిలో షిఫ్టు డ్యూటీకి వేస్తే, గర్భం దాల్చిన నాటి నుంచి బాలింత దశ వరకు ఒకే తల్లిని కనిపెట్టుకుని ఉండే నేర్పు ఆమెకు ఎప్పటికి అలవడుతుంది? నొప్పులు పడే తల్లికి తెలిసిన ముఖం ఇచ్చే ధైర్యం ఏ మందుతోనూ రాదు. కనుక కొత్తవారిని తొలి ఏడాది అనుభవజ్ఞురాలైన మిడ్‌వైఫ్ నడిపే చిన్న బృందంలో చేర్చి, కొద్దిమంది గర్భిణుల బాధ్యతే అప్పగించి, సందేహం వస్తే అర్ధరాత్రయినా ఫోనులో పలికే ప్రసూతి వైద్యురాలిని అందుబాటులో ఉంచి, ఇతర వార్డుల డ్యూటీ నుంచి వారిని పూర్తిగా మినహాయించాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను.

- ఒక విశ్రాంత నర్సు, వరంగల్