కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడు ముందుగా చెప్పుకోవలసింది దుప్పుల కోసం పెట్టిన కెమెరాల పని. జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరాలివి. అడవి లోపల కెమెరాలు పెట్టుకుంటామని ఇచ్చిన దరఖాస్తు ఏడాదిగా ఒక ఆఫీసు బల్ల మీదే ఉంది. ఎప్పుడు వెళ్ళినా "సారు క్యాంపులో ఉన్నారు." చేసేది లేక నల్లమల అంచున సభ్యుల పట్టా పొలాల గట్ల మీద, చెరువు దారిలో ఆరు కెమెరాలు కట్టాం.

ఇంతకీ దుప్పులెన్ని అని అందరూ అడుగుతున్నారు. చెప్పలేను. పులిని చారలతో పోల్చినట్టు దుప్పిని చుక్కలతో పోల్చవచ్చట గానీ, పరిగెత్తే మందను రాత్రి తీసిన ఫొటోల్లో అది మనవల్ల కాలేదు. ఎడమ కొమ్ము విరిగిన పోతు మూడు కెమెరాల్లో పడితే మొదట మూడనుకున్నాం. తర్వాత అది కొమ్ములు రాల్చుకుంది, ఆ ఒక్క ఆనవాలూ పోయింది.

మేలో ఫొటోలు తగ్గగానే దుప్పులు పోయాయని గ్రూపులో ఒకటే గోల. ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా ఉంటేనే ఈ కెమెరా పనిచేస్తుంది. మన ఎండల్లో ఆ తేడా ఎక్కడిది? చెరువు దగ్గర మాత్రం ఫొటోలే ఫొటోలు. గుంటలన్నీ ఎండితే అన్నీ అక్కడికే వస్తాయి మరి. వచ్చే ఏడు అవే చోట్ల, అవే నెలల్లో, అదే ఎత్తులో పెట్టి, నూరు రాత్రులకు ఎన్నిసార్లు పడ్డాయో పోల్చితేనే పెరిగాయా తగ్గాయా తేలుతుంది.

అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలకు హైస్కూల్లో ఈ ఫొటోలు తెర మీద వేశాం. ఊరు ఊరంతా వచ్చింది! దుప్పులు మేశాయన్న కంది చేలో రాత్రి తర్వాత రాత్రి అడవిపందులే కనబడ్డాయి. చేను గల పెద్దాయన లేచి, "ఇన్నాళ్ళూ ఊరికే దుప్పులనా తిట్టింది?" అన్నాడు. నా మూడేళ్ళ కార్యదర్శిగిరీలో అంత తృప్తి ఎప్పుడూ లేదు.

జంతువులు నడిచే దారులు చూపింది చెంచు యువకులు. అంతకుముందు మనం తీసినవన్నీ గాలికి ఊగే గడ్డి ఫొటోలే. వారికి, హెడ్‌మాస్టరు గారికి, మేకల కాపరులకు, ఆ రోజు ఉప్మా, టీ ఇచ్చిన సభ్యురాలికి కృతజ్ఞతలు. జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు పంచుతారు. బ్యాటరీలకే ఎక్కువైంది.

వాలంటీర్ల జాబితాలో పదిహేను పేర్లున్నాయి. కెమెరాల్లో మెమరీ కార్డులు మార్చడానికి వచ్చింది ప్రతిసారీ అదే ఇద్దరు. మిగతావారి పేర్లు చదవను, వారికే తెలుసు. వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి రామాలయం దగ్గర కలుద్దాం. బండి ఉన్నవారు తెచ్చుకోండి.

ఇట్లు,
కార్యదర్శి