మిరపకాయ వేడిగా ఉండదు కదా, మరి నోరెందుకు మండుతుంది?

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్ వెనక పేజీలో ఉంది, చూసుకోండి. ఈ నెల ఉత్తరాన్ని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ఒక ప్రశ్నకే ఇస్తున్నాను. సైన్స్ పీరియడ్‌లో లేచి, "మిరపకాయ వేడిగా ఉండదు కదా మేడమ్, మరి తింటే నోరెందుకు మండుతుంది?" అంది.

నిప్పు తగిలినా మంటే అంటాం, కారం తగిలినా మంటే అంటాం. ఆ రెండు మంటలూ మన ఒంట్లో నిజంగానే ఒక్కటని తేల్చిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. మిరపలో ఘాటుకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. అది నొప్పి నరాలను రేపుతుందని అప్పటికే తెలుసు, ఎలా రేపుతుందో తెలియదు. ఆయన బృందం నొప్పి నరాల కణాల్లో పనిచేసే జన్యువుల ముక్కలను లక్షల్లో పోగు చేసి, క్యాప్సైసిన్‌కు అసలు స్పందించని వేరే కణాల్లో పెట్టింది. ఏ ముక్క చేరితే ఆ కణానికి కారం తెలుస్తుందో ఓపిగ్గా వెతికింది. చివరికి ఒకే ఒక్క జన్యువు మిగిలింది.

1997లో ప్రకటించిన ఆ ఫలితం పిల్లలకు చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పేరు టీఆర్‌పీవీ1. కణం పొరలో ఉండే చిన్న తలుపు అనుకోండి. క్యాప్సైసిన్ అంటుకుంటే తెరుచుకుంటుంది. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది. కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి దూసుకెళ్తాయి, నరం మెదడుకు కబురు పంపుతుంది. అందుకే చల్లారిన కూరలో కారం ఎక్కువైనా నోరు కాలినట్టే ఉంటుంది. స్పర్శను గుర్తించే ప్రొటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

మా అమ్మకు సర్పి తగ్గాక కూడా నెలల తరబడి నడుము చుట్టూ మంట పోలేదు. డాక్టరు క్యాప్సైసిన్ ఉన్న క్రీమ్ రాసిస్తే, మంటకు మళ్లీ మంటేమిటని నేను ఆశ్చర్యపోయాను. పదేపదే తగిలితే ఆ నరాల కొసలు కొంతకాలం మొద్దుబారిపోతాయట. (ఇంట్లో కారం రాసి చూడకండి, చర్మం పాడవుతుంది.)

అసలు ఆ తలుపునే మూసేసే మందులు కూడా తయారుచేసి చూశారు. కొందరికి జ్వరం వచ్చింది, కొందరికి ఒళ్లు కాలేంత వేడి కూడా తెలియకుండా పోయింది. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. మనల్ని కాపాడే నొప్పిని ఉంచి, బాధపెట్టే నొప్పిని మాత్రమే తీసేయడం ఎంత కష్టమో!

పోయిన ఏడాది డ్రిల్ పీరియడ్‌లో ఒక బాబు కాలు నొప్పి అంటే, "ఏం కాదు, పరిగెత్తు" అన్నాను. మర్నాడు కట్టుతో వచ్చాడు. అతనికి క్షమాపణ చెప్పాను, ఆ తప్పు మళ్లీ జరగనివ్వను. ఇకపై నొప్పి అన్న ప్రతి పిల్లాడి మాటా స్టాఫ్ రూమ్ పుస్తకంలో రాస్తాం. ఎక్కడ, ఎప్పటినుంచి, మంటా, పోటా, సలుపా, గుంజుతోందా అని అడుగుతాం. మీరూ ఇంట్లో ఇలాగే అడగండి. చిన్నపిల్లలకు ఈ మాటలు నేర్పితే డాక్టరు పని తేలికవుతుంది. నొప్పి మాత్రలు మాత్రం పిల్లల బ్యాగులో పెట్టకండి, చీటీ రాసి ఆఫీసులో ఇవ్వండి.

ఆ అమ్మాయి మొన్న మళ్లీ వచ్చింది. "పుదీనా నమిలితే చల్లగా ఎందుకుంటుంది మేడమ్?" అంటూ. దానికీ ఒక తలుపు ఉంది, 2002లో ఆ శాస్త్రవేత్తలిద్దరూ విడివిడిగా దాన్ని కనుక్కున్నారు. ఆ కథను తనే రాస్తోంది, సోమవారం నోటీసు బోర్డు మీద పెడతాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు