మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వార్షిక నివేదిక 2025-26: డాబా మీద దేశదేశాల పండగలు

సభ్యులందరికీ నమస్కారం.

లిఫ్టు, బోరు, టెర్రస్ లీకేజీ సంగతులు వేరే కాగితంలో ఇచ్చాం, అవి అందులో చూసుకోండి. ఈ నివేదిక సాంస్కృతిక కమిటీది. అంటే పోయిన ఏప్రిల్ మీటింగ్‌లో అందరూ చేతులెత్తి, తీరా పని మాత్రం నలుగురి నెత్తిన పెట్టి వెళ్ళిపోయిన 'దేశదేశాల పండగలు' గురించి.

"మన పండగలే సరిగ్గా చేసుకోలేకపోతున్నాం, ఊరందరివీ మనకెందుకండీ" అని బి బ్లాక్ పెద్దాయన ఆ రోజే అడిగారు. తప్పు ప్రశ్నేమీ కాదు. అయితే అంతకుముందు ఏడాది వినాయక చవితికి డీజే బాక్సుల మీద ఎంత తగలేశామో, ఆ తర్వాత రెండు బ్లాకులు ఎన్నాళ్ళు మాట్లాడుకోలేదో గుర్తున్నవాళ్ళు, కొత్తగా ఏదో ఒకటి చేసి చూద్దామన్నారు.

పిల్లల ఓటింగ్‌లో మొదటి స్థానం స్పెయిన్‌లోని బున్యోల్ ఊరి టమాటాల పండగకు వచ్చింది. ఆగస్టు ఆఖరి బుధవారం జనం వీధుల్లో ఒకరి మీద ఒకరు పండు టమాటాలు విసురుకుంటారు. రైతు బజార్లో కిలో ఎంతో చెప్పి ఆ ముచ్చట అక్కడే ఆపేశాం. థాయ్‌లాండ్ వాళ్ళు ఏప్రిల్ 13 నుంచి నీళ్ళు చల్లుకునే సాంగ్‌క్రాన్ కూడా కుదరలేదు. ఆ వారం మనం ట్యాంకర్ కోసం గేటు దగ్గర కాపలా కాస్తున్నాం.

మొదట నిజంగా జరిగింది సెప్టెంబర్ 11న, ఇథియోపియా వాళ్ళ కొత్త సంవత్సరం. పక్క వీధిలో అద్దెకుంటున్న ఇద్దరు ఇథియోపియా అమ్మాయిలు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంటున్నవాళ్ళు, పిలవగానే వచ్చారు. వాళ్ళ క్యాలెండర్‌లో 30 రోజుల నెలలు పన్నెండు, మిగిలిన ఐదారు రోజులకి పదమూడో నెల. మన అధికమాసం వింటే జనం ఎలా చూస్తారో ఆ పదమూడో నెలని మనం అలాగే చూశాం. ఆ రోజు వాళ్ళకి 2018 మొదలైంది. ఒకాయన లేచి "అయితే నేనింకా రిటైర్ అవ్వలేదు" అన్నారు.

కాఫీ పుట్టిల్లు ఇథియోపియానే కదా, అందుకని వాళ్ళ పద్ధతిలోనే కాఫీ పెట్టమన్నాం, గింజలు మాత్రం మనం అరకు నుంచి తెప్పించాం. వేయించనివి, పచ్చివి. నేల మీద గడ్డి పరిచి, బొగ్గుల కుంపటి మీద పెనం పెట్టి ఆ పచ్చగింజల్ని మన ముందే వేయించారు. గింజ ముందు పసుపు రంగుకి తిరిగి, తర్వాత చిటపటలాడి, నూనె తేలి నల్లగా నిగనిగలాడాక పెనం తీసి ఒక్కొక్కరి ముక్కు దగ్గరకీ తెచ్చారు. ఆ పొగని చేత్తో మన వైపు తిప్పుకుని పీల్చాలట. మనం హారతి కళ్ళకద్దుకున్నట్టే కళ్ళకద్దుకున్నాం, వాళ్ళు నవ్వారు. పక్కన ధూపం, తినడానికి పాప్‌కార్న్. సన్నటి మెడ ఉన్న నల్లటి మట్టికూజా, దాని పేరు జెబెనా, అందులో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోశారు. ఒక్కసారి కాదు, మూడుసార్లు: అబోల్, టోనా, బరకా. మూడోది ఆశీర్వాదం లాంటిది, అది తాగకుండా లేస్తే మర్యాద కాదు. ఈ సంగతి తెలియక ఏడు గంటల సీరియల్ కోసం లేవబోయిన వాళ్ళంతా మళ్ళీ కూర్చున్నారు. రెండున్నర గంటలు పట్టింది, ఎవరూ ఫోన్ తియ్యలేదంటే అబద్ధమవుతుంది గానీ, తక్కువ తీశారు.

నవంబర్ 2 ఆదివారం మెక్సికో వాళ్ళ పెద్దల పండగ. దీని మీద వాట్సాప్ గ్రూపులో జరిగిన రగడ మీకు తెలిసిందే. "చావు పండగ ఇంట్లో ఏంటండీ, అశుభం" అని కొందరు. నిజానికి అక్కడ ఏడుపులుండవు. పోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొస్తారని ఫొటో పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండిపెట్టి, దారి తెలియడానికి సమాధి నుంచి ఇంటిదాకా బంతిరేకులు చల్లుతారు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునే మనకి ఇందులో అర్థం కానిదేముంది? పైగా మనం గుమ్మాలకు కట్టే బంతి పుట్టింది మెక్సికోలోనే, తర్వాత సముద్రం దాటి ఇటొచ్చింది. చివరికి పుర్రె బొమ్మలు వద్దనుకుని ఒక్క బల్ల మాత్రం పెట్టాం. పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూలు, దీపం, ఎవరి ఫొటో వాళ్ళు తెచ్చుకోవచ్చని బోర్డు. మొదటి గంట బల్ల ఖాళీగానే ఉంది. తర్వాత పన్నెండేళ్ళు మన లెక్కలు రాసి జూన్‌లో పోయిన కోశాధికారి గారి భార్య వచ్చి, ఆయన ఫొటో పక్కన ఒక స్టీలు గ్లాసులో కాఫీ, గుప్పెడు వేయించిన బఠాణీలు, ఆయన ఎర్ర పెన్నూ పెట్టి వెళ్ళారు. రాత్రికి బల్ల మీద చోటు లేదు. అశుభం అన్న ఇంటి ఫొటో కూడా అందులో ఉంది, పేరు చెప్పను.

మూడు రోజులకే కార్తీక పౌర్ణమి. అదే రోజు థాయ్‌లాండ్‌లో లోయ్ క్రతోంగ్. అరటిబోదె ముక్క కోసి, చుట్టూ ఆకు మడతలు కుట్టి, వత్తి వెలిగించి నీళ్ళలో వదులుతారు, మన పోలి పాడ్యమి దొప్పలకు చెల్లెలే. ఏడాదంతా నీళ్ళు వాడుకున్నందుకు క్షమించమని మొక్కేది ఎవరికనుకున్నారు, గంగమ్మకే. వాళ్ళ నోట 'ఖోంఖా'. బ్యాంకాక్‌లో మర్నాడు నదిలోంచి లక్షల కొద్దీ ఏరి తియ్యాల్సి వస్తుంది కాబట్టి మేం ప్లాస్టిక్, థర్మోకోల్, గుండుసూదులు ముందే నిషేధించి, కొబ్బరి ఈనెలతోనే కుట్టమన్నాం. ఆర్కే బీచ్‌లో వదలబోతే మొదటి అల నలభై దొప్పల్నీ మన కాళ్ళ మీదకే తిరగ్గొట్టింది. "సముద్రం తీసుకోదు బాబూ, ఇచ్చేస్తాది" అని మన వాచ్‌మన్ ముందే చెప్పాడు, ఎవరూ వినలేదు. అన్నీ ఏరుకుని వచ్చి అద్దె గంగాళాల్లో నీళ్ళు నింపి వదిలాం.

జపాన్ వాళ్ళ బొమ్మల పండగ హినమత్సురి మార్చి 3. ఆ రోజు చంద్రగ్రహణం పడింది కాబట్టి ఆదివారానికే జరిపాం. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద పైన చక్రవర్తి దంపతులు, కింద ముగ్గురు పరిచారికలు, ఆ కింద ఐదుగురు వాద్యగాళ్ళు. మనం ఏటికొప్పాక రాజు-రాణీని ఎక్కించి, వాద్యగాళ్ళు దొరక్క కొండపల్లి ఏనుగునీ గీతకార్మికుణ్ణీ నిలబెట్టాం. పండగయ్యాక బొమ్మలు తియ్యడం ఆలస్యమైతే ఆ ఇంటి పిల్ల పెళ్ళి ఆలస్యమవుతుందని అక్కడ నమ్మకం. ఇది విన్న ఒక ఆంటీ కొలువు రాత్రికి రాత్రే సర్దేశారు. వాళ్ళమ్మాయి మాత్రం మర్నాడు మళ్ళీ పరిచింది.

ఉగాది మార్చి 19. అదే రోజు బాలి ద్వీపంలో న్యేపి, వాళ్ళదీ శకసంవత్సరమే, 1948 మొదలైంది. అక్కడ ఒక రోజంతా నిప్పు వెలిగించరు, పని చెయ్యరు, బయట తిరగరు, వినోదాలుండవు, విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు. మనం పచ్చడి తిన్నాక ఒక్క గంట నిశ్శబ్దం పాటిద్దామన్నాం. పదకొండో నిమిషంలో సి బ్లాక్‌లో కుక్కర్ కూసింది, వెంటనే మోటారు వేశారు, ఆ తర్వాత ఉల్లిపాయల ఆటో మైకు. ఆ పదకొండు నిమిషాల్లో ఎంవీపీ కాలనీలో మన డాబా దాకా సముద్రం వినపడుతుందని కొందరికి మొదటిసారి తెలిసింది.

లెక్క: ఫ్లాటుకి 500 చొప్పున 36 ఫ్లాట్లు ఇచ్చాయి, 18,000. ఖర్చు 16,750, మిగులు 1,250. నాలుగు ఫ్లాట్లు ఇంకా ఇవ్వాలి, వాళ్ళూ కాఫీ మూడుసార్లూ తాగారు. అద్దె గంగాళం ఒకటి ఇంకా ఎవరింట్లోనో ఉంది, దయచేసి వాచ్‌మన్ గదిలో ఇవ్వండి. కల్యాణమండపం వాళ్ళు రోజుకోసారి ఫోన్ చేస్తున్నారు.