ఎడమవైపు వరుస చేపలు ఇప్పుడే ఎందుకు అమ్మట్లేదంటే

మా షాపులో ఎడమవైపు వరుస ట్యాంకులకు 'అమ్మకానికి లేవు' అని చీటీలు అంటించాం. "చేపలు చక్కగా తిరుగుతున్నాయి కదండీ, ఒంటి మీద మచ్చ కూడా లేదు, ఎందుకివ్వరు?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. సంక్రాంతికి ఇంటికి చుట్టాలొస్తారు, హాల్లో తొట్టె కళకళలాడాలని మీకుంటుంది. మాకూ ఏడాదిలో మంచి అమ్మకాలుండే రోజులివే. అయినా ఎందుకు ఆపామో ఏదీ దాచకుండా చెప్తాను.

ఈ నెల చెన్నై నుంచి వచ్చిన లోడులో వైట్ స్పాట్ ఉంది. అదే, తెల్లమచ్చల జబ్బు. ఆ వరుస ట్యాంకులన్నిటికీ ఫిల్టర్ ఒకటే, నీళ్లూ ఒకటే. కాబట్టి ఒక దాంట్లో కనిపిస్తే అన్నిట్లోనూ ఉన్నట్టే లెక్క. వెంటనే మందు మొదలుపెట్టాం, మచ్చలు పోయాయి. కానీ ఈ జబ్బులో మచ్చలు పోవడం వేరు, జబ్బు పోవడం వేరు.

ఇది మొదట బయటపడింది క్లౌన్ లోచ్‌ల మీద. చాలాసార్లు ముందుగా చిక్కేది అవే. వాటి నారింజ రంగు ఒంటి మీద చిన్న చుక్క తేలిగ్గా కంటికి ఆనదు. నల్లటి పట్టీ మీద, వీపు రెక్క మొదట్లో, ఉప్పు రవ్వంత చుక్క ఒకటి కనిపించింది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే అది పైన అంటుకున్న మురికిలా లేదు, చర్మం కిందనుంచి ఉబ్బి ఉంది. మర్నాటికి మోలీలు రెక్కలు ముడుచుకుని, గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాయి.

ఆ చుక్కలో ఉండేది ఒక ఏకకణ పరాన్నజీవి. పేరు ఇక్తియోఫ్తిరియస్, అందరూ ఇక్ అంటారు. చేప చర్మం కింద తిని బలుస్తుంది. బలిశాక రాలిపోయి, అడుగున రాళ్లకో మొక్కలకో అంటుకుని పైన గట్టి పొర కట్టుకుంటుంది. అందులో ఒకటి వందలుగా, ఒక్కోసారి వెయ్యి దాకా చీలుతుంది. ఆ పిల్లలు నీళ్లలోకి వచ్చి చేప కోసం వెతుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మనం వేసే మందు పనిచేసేది ఈ ఈదే పిల్లల మీదే. చర్మం కింద ఉన్నదాన్నీ, పొరలో దాక్కున్నదాన్నీ అది తాకలేదు. చేప శుభ్రంగా కనిపించే ఆ రోజుల్లోనే అడుగున ఇవి చీలుతూ ఉంటాయి. "తగ్గిందిగా" అని మందు ఆపేస్తే వారం తిరక్కుండా ముందుకంటే ఎక్కువ మచ్చలు వస్తాయి. ఈసారి మొప్పల్లోకి దిగితే చేప దక్కడం కష్టం.

అందుకని చివరి మచ్చ పోయాక కూడా కొన్నాళ్లు మందు వాడి, ఆపాక మరో రెండు వారాలు చూసి, అప్పుడే చీటీలు తీస్తాం. 25 డిగ్రీల దగ్గర ఈ పురుగు జీవచక్రమంతా వారం లోపే తిరుగుతుంది, చల్లటి నీళ్లలో వారాల తరబడి సాగుతుంది. ఈ చలికాలంలో మన విజయవాడ ఇళ్లలో హీటర్ లేని తొట్టె తెల్లవారుజాముకి చల్లబడి, మధ్యాహ్నానికి మళ్లీ వెచ్చబడుతుంది. ఆ హెచ్చుతగ్గులకు చేప నీరసపడుతుంది, జబ్బు సందు చూసుకుంటుంది. వేసవిలో రాత్రంతా ఏసీ వేసి పగలు ఆపేసే గదుల్లో కూడా ఇదే బాధ.

మీ తొట్టెలో అనుమానం వస్తే మందు కొనేముందు పది నిమిషాలు చూడండి. చేపలన్నీ ఒక్కసారే పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది జబ్బు కాకపోవచ్చు. నీళ్లలో అమ్మోనియా పెరగడమో, కరెంటు పోయి గాలి అందకపోవడమో అయివుంటుంది. ముందు నీళ్లు టెస్ట్ చేయాలి, అందులో పావు వంతు మార్చాలి. అంటుజబ్బు మాత్రం సాధారణంగా ఒక చేపతో మొదలై రెండోదానికి, మూడోదానికి పాకుతుంది. మగ గోల్డ్‌ఫిష్‌కి మొప్ప మూతల మీదా, ముందు రెక్కల అంచునా వరసగా తెల్ల చుక్కలొస్తే కంగారు పడకండి. జతకట్టే కాలంలో వచ్చే బుడిపెలు అవి. ఇక్ చుక్కలకు ఆ వరస ఉండదు, ఒళ్లూ తోకా అంతా చెదురుగా ఉంటాయి.

చుక్కలు మరీ సన్నగా, టార్చి వెలుగులో పసుపు రంగు నూగులా మెరిస్తే అది వెల్వెట్ అనే వేరే జబ్బు. ఆ పురుగు వెలుతురు మీద కూడా బతుకుతుంది కాబట్టి మందుతో పాటు తొట్టె లైటు ఆర్పి, చుట్టూ గుడ్డ కప్పాలి. మూతి చుట్టూ, వీపు మీద బూడిద రంగు పొర కడితే అది చాలాసార్లు కొలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇక్ అనుకుని హీటర్ పెంచితే కొలమ్నారిస్ ఇంకా వేగంగా చంపుతుంది. ఏ జబ్బో తేలకుండా వేడి పెంచొద్దని నేను మొత్తుకునేది అందుకే.

ఇక్ అని ఖాయమైతే నీళ్ల వేడిని రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీల దాకా తేవచ్చు. గోల్డ్‌ఫిష్‌కి 28 చాలు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, ఎయిర్ పంపు రాత్రీ పగలూ తిరగాలి. అడుగున గులకరాళ్ల మధ్య మురికిని రోజు విడిచి రోజు సైఫన్ పైపు పెట్టి లాగండి, పొరలో దాక్కున్నవి చాలావరకు అలాగే పోతాయి. అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకు 2 గ్రాముల చొప్పున విడిగా కరిగించి, ఒక రోజంతా కొంచెం కొంచెంగా పోయాలి. మలకైట్ గ్రీన్ మందు వాడితే ఫిల్టర్‌లో బొగ్గు తీసేయండి, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. మోతాదు నీళ్ల లెక్కన వేయాలి: 60, 30, 30 సెంటీమీటర్ల తొట్టెలో అంచుదాకా 54 లీటర్లు పడతాయి, రాళ్లూ పైన ఖాళీ పోను ఇంకా తక్కువే. లోచ్‌లకూ, కోరిడోరాస్ చేపలకూ సగం మోతాదే. నత్తలూ రొయ్యలూ ఉంటే ఆ తొట్టెలో ఈ మందు వద్దు. ఇది మనుషులు తినే చేపలకు వాడకూడని మందు కూడా, కాబట్టి గ్లౌజులు వేసుకోండి, మార్చిన నీళ్లు తోటకూర మడిలో పోయకండి. మున్సిపల్ నీళ్లు పోసేటప్పుడు క్లోరిన్ పోగొట్టే యాంటీక్లోర్ చుక్కలు మరవద్దు.

మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ కొని విప్పి పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇక్ బ్యాక్టీరియా కాదు, దాని మీద అది పనిచేయదు. పైగా అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా దెబ్బతింటే బాగున్న చేపలు కూడా పోతాయి.

ఒక జబ్బు గురించి మాత్రం మీ ఒంటి కోసం చెప్పాలి. చేప తింటూనే చిక్కిపోతూ, వెన్ను వంగిపోతుంటే అది చేపల టీబీ కావచ్చు. ఆ క్రిమి మన చేతి గాయాల్లోంచి దిగి, మానని గడ్డలు తేగలదు. అలాంటి తొట్టెలో ఉత్త చేతులు పెట్టకండి, సైఫన్ పైపును నోటితో పీల్చకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. గడ్డ లేస్తే డాక్టరుకు అక్వేరియం సంగతి తప్పకుండా చెప్పండి, చెప్తేనే ఆయనకు ఆ అనుమానం వస్తుంది.

చీటీలు అంటించకముందు ఆ వరుసలో చేపలు కొన్నవాళ్లలో నంబర్లు ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేశాం. ఫోన్ రాకపోతే బిల్లు తీసుకుని రండి. మందు మేమే ఉచితంగా ఇస్తాం, పోయిన చేపకు డబ్బు తిరిగిస్తాం. పాత చేపలున్న తొట్టెలో వాటిని కలిపేసి ఉంటే ఇప్పుడు విడదీసి లాభం లేదు, మొత్తం తొట్టెకే వైద్యం చేయాలి.

ఇకమీదట మందు అడిగినవాళ్లకు చేప వీడియో చూశాకే ఇస్తాం. లైటు వెనకనుంచి కాక పక్కనుంచి పడేలా అర నిమిషం తీసి పంపండి, తొట్టె కొలతలు రాయండి. కుడివైపు వరుసకు ఫిల్టర్ వేరు, వలలు వేరు. అక్కడి గప్పీలు, ఫైటర్లు ఇప్పుడే తీసుకోవచ్చు. వాటినైనా ముందు రెండు వారాలు వేరే టబ్బులో ఉంచండి, కవర్లో నీళ్లు మాత్రం తొట్టెలో పోయకండి. టబ్బూ, స్పాంజ్ ఫిల్టరూ లేనివాళ్లకు షాపులోవి ఇస్తాం, పనయ్యాక తిరిగిస్తే చాలు. ఎడమవైపు వరుస సంక్రాంతి వెళ్లాకే తెరుస్తాం.